లారీ తోలిన సైనికుడి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

పాతకాగితాలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అమ్మ తండ్రిగారు రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో ఉన్నారు. ఆయనవి ఇంట్లో మిగిలినవి ఒక డిశ్చార్జి పుస్తకం, రెండు పతకాలు. పుస్తకంలో దళం పేరు ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అనీ, వృత్తి దగ్గర డ్రైవర్, మెకానికల్ ట్రాన్స్‌పోర్ట్ అనీ ఉంది. పనిచేసిన చోట్లలో దిమాపూర్ ఒక్కటే చదవగలిగాను. తక్కిన వరుసలు తడిసి అలుక్కుపోయాయి.

మా బంధువుల్లో ఎవరిని అడిగినా “ఆయన యుద్ధం చేయలేదమ్మా, లారీ తోలాడు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ మాట మింగుడు పడడం లేదు. పిల్లల కోసం మా కుటుంబం కథ రాస్తున్నాను. ఆయన జీవితంలోని ఆ ఏళ్లను ఒక్క వాక్యంతో దాటేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

ఈ దళం చేసే పని ఏమిటి? లారీలు ఒకరివి, వాటి మరమ్మతు ఇంకొకరిది, గిడ్డంగి మరొకరిది అని సైన్యంలో ఇన్ని శాఖలు ఎందుకు? డ్రైవర్లకు తుపాకి ఇచ్చేవారా? దిమాపూర్‌లో అప్పుడు ఏం జరిగింది? తెలిసినవారు వివరంగా రాస్తే రుణపడి ఉంటాను.

రికవరీ_హవల్దార్ జవాబు:

అమ్మా, నేను సైన్యం వాహనాలు, ఆయుధాలు బాగుచేసే కోర్ (దళం) ఈఎంఈలో రికవరీ మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. మీ తాతగారి కోర్ వేరు, నా కోర్ వేరు. అయినా నా ఉద్యోగమంతా ఆ కోర్ డ్రైవర్ల పక్కనే గడిచింది. “లారీ తోలాడంతే” అనే మాట ఎక్కడ విన్నా ఊరుకోలేను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. దాని మూలం 1760లో ఈస్టిండియా కంపెనీ పెట్టుకున్న కమిసరియట్‌లో, అంటే సరఫరా శాఖలో ఉంది. ‘రాయల్’ అన్న మాట 1935లో చేరి, స్వాతంత్ర్యం తర్వాత పోయింది. ఇప్పుడది ఆర్మీ సర్వీస్ కోర్, ఏఎస్‌సీ. తిండి, పెట్రోలు, డీజిలు, కిరోసిన్, జంతువుల మేత, వీటిని మోసే లారీలు, కంచర గాడిదలు, విమానంలోంచి జారవిడిచే సరుకును కట్టే మనుషులు, అన్నీ ఆ కోర్ కిందికే వస్తాయి.

శాఖలు ఎందుకు ఇన్ని అన్నారు కదా, ఒక ఫిరంగిని తీసుకుని చూడండి. ఆ ఫిరంగి, దాని గుండు, దాని విడిభాగాలు డిపోలో పెట్టి లెక్క చూసేది ఆర్డ్‌నెన్స్ కోర్. గుండ్ల పెట్టెలను కొండమీదికి మోసుకెళ్లేది ఏఎస్‌సీ లారీ, లారీ పోలేని చోట ఏఎస్‌సీ కంచర గాడిద. ఫిరంగి మొరాయిస్తే విప్పి బాగుచేసేది ఈఎంఈ. పేల్చే గన్నరు ఒక్కడే ఫొటోలో కనిపిస్తాడు. గుండు అందకపోతే ఆ గన్నరు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

మరమ్మతు మొదటినుంచీ వేరుగా లేదు. చాలాకాలం ఆర్డ్‌నెన్స్ వాళ్ల వర్క్‌షాపులే ఆ పని చూసేవి. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు, ట్రక్కులు, వైర్‌లెస్ సెట్లు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. సామాను నిల్వచేసేవాడి నేర్పు వేరు, గేర్‌బాక్స్ విప్పేవాడి నేర్పు వేరు. బ్రిటిష్ సైన్యం 1942లో మరమ్మతుకు ప్రత్యేక కోర్ పెట్టుకుంది, మన దగ్గర 1943లో పుట్టింది. అదే నా కోర్. సాధారణ సిపాయిని మా దగ్గర ‘క్రాఫ్ట్స్‌మన్’ అంటారు. ఆ హోదా రాసిన మొదటి గుర్తింపు కార్డు నా దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది.

ఇక దిమాపూర్, ఇప్పటి నాగాలాండ్‌లోని రైలు స్టేషను ఊరు. ఆ పేరు ఆ పుస్తకంలో ఉందంటే మీ తాతగారు ఉన్నది యుద్ధం వెనకాల ఎక్కడో కాదు, దాని గొంతుక దగ్గరే. కలకత్తా నుంచి సరుకు కొంతదూరం బ్రాడ్‌గేజి మీద వచ్చి, దించి మీటర్‌గేజి బళ్లకు ఎక్కించి, బ్రహ్మపుత్ర దగ్గర వ్యాగన్లను పడవల మీద దాటించి, చివరికి దిమాపూర్ చేరేది. ఆ రైలు మార్గం ఎంత కిక్కిరిసిపోయిందంటే 1944 మార్చిలో అమెరికా సైనిక రైల్వే దళాలు వచ్చి నడపాల్సి వచ్చింది. దిమాపూర్‌లో గుట్టలుగా పేర్చిన ఆ గిడ్డంగి దాదాపు 11 మైళ్ల పొడవు, ఒక మైలు వెడల్పు. అక్కడినుంచి ఒకే ఒక్క కొండదారి: 46వ మైలు దగ్గర కోహిమా, 134వ మైలు దగ్గర ఇంఫాల్. ఇంఫాల్ వైపు బర్మా సరిహద్దులో ఉన్న సైన్యం తినే దాదాపు ప్రతి గింజ, కాల్చే ప్రతి తూటా ఆ దారినే పోవాలి. దానిమీద లారీ తోలినవాళ్లలో మీ తాతగారు ఒకరై ఉంటారు.

1944లో బర్మా నుంచి మన సరిహద్దు దాటి వచ్చిన జపాన్ సేనాని ముతాగుచి దగ్గర ఉన్నది సుమారు మూడు వారాల తిండి. ఆపైన తోలుకొచ్చిన పశువుల మందలు. తక్కినది శత్రువు గిడ్డంగులను పట్టుకుని తిందామన్న లెక్క. మార్చి చివర ఇంఫాల్ దారి తెగింది, ఏప్రిల్ మొదట్లో కోహిమా ముట్టడి మొదలైంది. కోహిమాలో మనుషులు చనిపోయిన గుట్టల పేర్లు చూడండి: జీపీటీ రిడ్జ్, ఎఫ్‌ఎస్‌డీ, డీఐఎస్. జీపీటీ అంటే జనరల్ పర్పస్ ట్రాన్స్‌పోర్ట్, మీ తాతగారిలాంటి డ్రైవర్ల కంపెనీలు. ఎఫ్‌ఎస్‌డీ అంటే ఫీల్డ్ సప్లై డిపో. డీఐఎస్ అంటే రోజువారీ సరుకులిచ్చే స్టోరు. యుద్ధం రాకముందు ఆ గుట్టలమీద ఉన్నవి ఇవే కాబట్టి ఆ పేర్లే మ్యాపుల్లో నిలిచాయి. డీఐఎస్ గుట్టమీద రొట్టెలు కాల్చే బేకరీ పొయ్యిల్లో జపాన్ సైనికులు నక్కితే, ఒక్కొక్క పొయ్యి దగ్గరా పోరాడి వాళ్లను బయటికి లాగాల్సి వచ్చింది. ఆ గుట్టమీదే లాన్స్ కార్పొరల్ జాన్ హర్మన్ ప్రాణమిచ్చి బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందాడు. రొట్టెలు కాల్చేవాడు యుద్ధానికి దూరంగా ఉంటాడని ఇకమీదట ఎవరైనా అంటే ఈ గుట్ట పేరు చెప్పండి.

ఇంఫాల్ మైదానంలో చిక్కుకున్న దాదాపు లక్షన్నర మందికి అప్పుడు ఆకాశమే దారి అయింది. బియ్యం, పప్పు, నూనె, మందుగుండు విమానాల్లో వెళ్లాయి. పట్టు పారాచూట్లు చాలక బెంగాల్ జనపనారతో చౌక పారాచూట్లు నేయించారు, వాటిని ‘పారాజూట్’లని పిలిచేవారు. జూన్ 22న 109వ మైలురాయి దగ్గర రెండువైపుల సేనలు కలిశాయి, దారి మళ్లీ తెరుచుకుంది. అప్పటికే జపాన్ దళాలు ఆకలితో కుప్పకూలుతున్నాయి. కోహిమాలో వాళ్ల డివిజన్‌ను నడిపిన సాతో, పైవాళ్ల ఆజ్ఞ కాదని వెనక్కి మళ్లాడు. తన మనుషులకు తిండి పంపలేదన్నదే ఆయన వాదన. రెండు సైన్యాల ధైర్యంలో తేడా లేదు. ఒకదాని వెనక దిమాపూర్ ఉంది, రెండోదాని వెనక లేదు.

తుపాకి సంగతి: ఇచ్చేవారు, ఇస్తారు. మా శిక్షణలో మొదట కవాతు, రైఫిల్, ఆ తర్వాతే వృత్తి. కాన్వాయ్ మీద కాల్పులు జరిగితే వచ్చి కాపాడేదాకా డ్రైవరు తన లారీని తానే కాపాడుకోవాలి.

డ్రైవరు పనిని దగ్గరగా చూసినవాణ్ని కాబట్టి ఒక్కటి చెబుతాను. తెల్లవారకముందే ‘ఫస్ట్ పరేడ్’ ఉంటుంది: ఆయిల్, నీళ్లు, టైర్ల గాలి, బ్రేకు, బ్యాటరీ ఒక్కొక్కటీ చేత్తో తాకి చూడాలి. లదాఖ్ చలిలో ఒట్టి చేయి ఇనుముకు తగిలిస్తే చర్మం అంటుకుపోతుంది, డీజిలు గడ్డకట్టి గొట్టంలో కదలదు. కాన్వాయ్ చివర మా రికవరీ వాహనం నడుస్తుంది. ఏదైనా లారీ వెనక చక్రం లోయ అంచుకు జారిందనుకోండి, కొత్తగా చేరినవాడు లారీని చూస్తాడు. అనుభవమున్నవాడు ముందు అందులోని లోడును చూస్తాడు. అది పై పోస్టులకు వెళ్లే రేషనైతే మనుషులు వరుసగా నిలబడి చేతుల మీదుగా పెట్టెలన్నీ వేరే లారీకి ఎక్కిస్తారు, ఆ లారీ వెంటనే ముందుకు సాగుతుంది. ఆ తర్వాతే మేం చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టి, వించి తాడు బిగించి, అందరినీ పక్కకు తప్పించేది. బిగిసిన ఉక్కుతాడు తెగితే మనిషి కాలు నరికేస్తుంది. మేం లారీ పైకి లాగేదాకా ఆ డ్రైవరు చలిలో అక్కడే నిలబడి ఉంటాడు. వేరే లారీలో వెచ్చగా కూర్చోమన్నా కదలడు. అలాంటివాళ్లను ఎందరినో చూశాను.

దక్కను_చరిత్ర జవాబు:

హవల్దార్ గారు చెప్పినదానికి వెనకటి కథ కొంచెం కలుపుతాను. కళాశాలలో చరిత్ర చెప్పేవాణ్ని, దక్కను యుద్ధాలు నా అంశం.

1760లో కమిసరియట్ పుట్టినా, ఆ తర్వాత కూడా చాలాకాలం సైన్యాల కడుపు నింపింది మన లంబాడీలు. వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని సైన్యం వెంట నడిచేవారు. మొగలులకూ వాళ్లే, ఆ తర్వాత కంపెనీకీ వాళ్లే. ఇంగ్లీషు పత్రాల్లో ‘బ్రింజారీలు’ అని కనిపించేది వీళ్లే. 1791 మే నెలలో కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ టిప్పు రాజధాని శ్రీరంగపట్నం గోడల దగ్గరిదాకా వెళ్లాడు. అరికెరె దగ్గర యుద్ధం కూడా గెలిచాడు. కానీ ఎడ్లు చచ్చిపోయాయి, ధాన్యం అయిపోయింది. కోట పగలగొట్టడానికి తెచ్చిన పెద్ద ఫిరంగులను తన చేత్తోనే ధ్వంసం చేయించి బెంగళూరుకు వెనుదిరిగాడు. మరుసటి ఏడు లంబాడీ బిడారులను కుదుర్చుకుని, సరుకు సమకూర్చుకున్నాకే మళ్లీ వచ్చాడు. 1792లో టిప్పు సగం రాజ్యం వదులుకోవలసి వచ్చింది. పాఠ్యపుస్తకం ఆ ఒప్పందాన్ని చెబుతుంది, ఎడ్లను చెప్పదు. నేను మాత్రం తరగతిలో ఎడ్లతోనే మొదలుపెట్టేవాణ్ని.

టిప్పు వైపూ ఇదే విద్య. మైసూరు అమృత్ మహల్ ఎడ్లు ఫిరంగులు లాగడానికీ సరుకు మోయడానికీ ప్రత్యేకంగా పెంచిన జాతి. 1799లో టిప్పు పడిపోయాక ఆ మందలు కంపెనీ చేతికి వచ్చాయి. కంపెనీ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ దక్కనులో అంత వేగంగా కదలగలగడానికి ఆ ఎడ్లు ఒక ముఖ్య కారణం.

ఇంకో వైపు కూత్ ఉంది, సరఫరా అందక లొంగిపోయిన చోటు. 1915 డిసెంబరులో మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) భారతీయ సైన్యం అక్కడి నది మలుపులో టర్కీ సేనల ముట్టడిలో చిక్కుకుపోయింది. పై నుంచి ఆజ్ఞలు వచ్చాయి గానీ నదిలో నడిపే ఆవిరి పడవలు చాలినన్ని రాలేదు. అంతకు ముందు తెసిఫాన్ దగ్గర గాయపడినవాళ్లను పడవల మీద కిక్కిరిసి పడుకోబెట్టి రోజుల తరబడి బస్రాకు తీసుకొచ్చారు. కట్లు మార్చేవారు కూడా సరిగా లేరు. 1916 ఏప్రిల్‌లో ‘జుల్నార్’ అనే పడవలో సరుకు వేసుకుని ముట్టడిని దాటే ప్రయత్నం చేశారు, అది పట్టుబడింది. విమానాల నుంచి తిండి మూటలు జారవిడిచారు, అవి చాలలేదు. ఏప్రిల్ 29న కూత్ లొంగిపోయింది. దానిమీద వేసిన విచారణ సంఘం 1917లో ఇచ్చిన నివేదిక సరఫరా, వైద్య ఏర్పాట్లను తీవ్రంగా తప్పుపట్టింది. మీ తాతగారి నాటికి ఆ కోర్‌లో అన్ని లారీలు, అంత శిక్షణ ఉన్నాయంటే దాని వెనక ఇలాంటి చావులు ఉన్నాయి.

తెల్లకోటు జవాబు:

సైనిక ఆసుపత్రుల్లో నర్సుగా చేశాను. సేవాదళాల మాట వచ్చింది కాబట్టి 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పేరు చూసి అంబులెన్స్ బండి అనుకోకండి, అది డాక్టర్లు, శస్త్రచికిత్స బృందాలు, స్ట్రెచర్ మోసేవాళ్లు ఉన్న ఒక యూనిట్. 1950లో లెఫ్టినెంట్ కర్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వంలో కొరియా వెళ్లింది. చైనా సేనలు ముంచుకొస్తుంటే ఐక్యరాజ్యసమితి దళాలు ప్యాంగ్‌యాంగ్ ఖాళీ చేస్తున్నాయి. వీళ్లకు సొంత వాహనాలు లేవు. శస్త్రచికిత్స సామగ్రి వదిలేసి రమ్మంటే వీళ్లు ఒప్పుకోలేదు. అక్కడ వదిలేసిన ఒక ఆవిరి రైలింజను, కొన్ని వ్యాగన్లు వెతికి పట్టుకున్నారు. బకెట్లతో నీళ్లు చేతులు మారుస్తూ బాయిలర్ నింపారు. ఇంజను నడపడం తెలిసినవాళ్లు వాళ్లలోనే ఉన్నారు. సామగ్రి మొత్తంతో దక్షిణానికి చేరారు. 1951 మార్చిలో మున్‌సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు వీళ్లూ దూకి, నేలమీద గాయపడినవాళ్లకు చికిత్స చేశారు. రంగరాజ్‌కు మహావీర్ చక్ర వచ్చింది.

గాయపడిన మనిషి బెటాలియన్ డాక్టరు దగ్గరినుంచి ఫీల్డ్ అంబులెన్స్‌కు, అక్కడినుంచి ఫీల్డ్ ఆసుపత్రికి, బేస్ ఆసుపత్రికి చేరాలి. ప్రతి మజిలీ మధ్యా ఒక డ్రైవరు ఉంటాడు. గుంతల దారిలో వేగం ఎంత ఉండాలో, రోగి మూలుగు విని ఎక్కడ తగ్గించాలో అతడికే తెలియాలి. బండి దింపగానే రోగి ఎలా ఉన్నాడో నాకు మొదట చెప్పేది అతడే. ఆ మాట విన్నాకే నేను నాడి పట్టుకునేదాన్ని.

పల్టన్_మనిషి జవాబు:

నేను పదాతిదళం వాణ్ని. ఎత్తైన పోస్టులో ఉన్నప్పుడు మా ప్రాణం కిరోసిన్ డబ్బాలో ఉండేది. మంచు కరిగించి నీళ్లు చేసుకోవాలన్నా, అన్నం వండాలన్నా, గుడారం వేడిగా ఉండాలన్నా అదే. లదాఖ్ దారిలోని జోజి లా కనుమ మంచుతో మూసుకుపోయే నెలలకు కావలసినదంతా ఎండాకాలంలోనే పైకి చేర్చి నిల్వ చేస్తారు. ఏ గుడారానికి ఎంత అని ముందే లెక్కగట్టే మనిషి తప్పు చేస్తే ఫిబ్రవరిలో దానికి మందు లేదు.

ఉత్తరాల సంగతి కూడా చెప్పాలి. మా చిరునామాలో ఊరి పేరు ఉండదు, యూనిట్ పేరు, ‘56 ఏపీఓ’ (సైన్యం తపాలా కార్యాలయం) అంతే. అయినా మా అమ్మ రాసిన కార్డు చేరేది. సైన్యం తపాలా 1856లో పర్షియా దండయాత్రతో మొదలైందని, 1972 మార్చి 1న సొంత కోర్ అయిందని, అంతకు ముందు సర్వీస్ కోర్‌తో ఉండేదని తర్వాత తెలిసింది. రేషన్ బండిలో ఉత్తరాల సంచి ఉందని తెలిస్తే మేం బియ్యం కన్నా ముందు దాన్ని దించుకునేవాళ్లం. ఆ బండి డ్రైవర్లను మాలో ఎవరూ తక్కువగా చూడలేదమ్మా. మీ బంధువులకు నా తరఫున ఈ మాట చెప్పండి.

పాతకాగితాలు:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. జీపీటీ రిడ్జ్ గురించి చదివి మా అమ్మకు ఫోనులో వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “నాన్న పొద్దున లేవగానే మా ఎడ్లబండి చక్రాలు తట్టి చూసేవాడు, ఎందుకో మాకు తెలిసేది కాదు” అంది.

హవల్దార్ గారూ, ఆయన ఉన్న కంపెనీ (సైనిక విభాగం) ఏదో తెలుసుకోవడానికి దారి ఉందా? పుస్తకంలో ఆ వరుస కనిపించడం లేదు.

రికవరీ_హవల్దార్:

ఉందమ్మా. ముందు పతకాలు తీసి వెనకవైపు, అంచుల మీద భూతద్దంతో చూడండి. ఆ యుద్ధానికి మనవాళ్లకు ఇచ్చిన పతకాలమీద నంబరు, పేరు, దళం చెక్కి ఉండడం మామూలే. రుద్ది మెరిపించకండి, అక్షరాలు అరిగిపోతాయి. ఆరు కోణాల నక్షత్రం ఉంటే దానిమీద ఏ ప్రాంతం పేరు ఉందో చూడండి, ‘బర్మా స్టార్’ అయితే దిమాపూర్ మాట బలపడుతుంది.

సర్వీసు నంబరును ముందున్న అక్షరాలతో సహా యథాతథంగా రాసుకోండి. నంబరు లేకుండా పేరు ఒక్కదానితో వెతికితే అదే పేరున్నవాళ్లు చాలామంది తగులుతారు. ఆ నంబరు, డిశ్చార్జి పుస్తకం నకలు పెట్టి బెంగళూరులోని ఏఎస్‌సీ రికార్డ్స్ కార్యాలయానికి అర్జీ రాయండి. అర్జీ ఎలా రాయాలో మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే చెబుతారు, మీ అమ్మగారి పేరుతో పెడితే మంచిది. కంపెనీ నంబరు తెలిశాక లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో (జాతీయ పాతపత్రాల భాండాగారం) ఆ కాలపు యూనిట్ల యుద్ధ దినచర్యలు ఉంటాయి, ఆ కంపెనీది ఉందేమో అక్కడ వెతికించవచ్చు. ఎప్పుడు ఎక్కడినుంచి ఎక్కడికి కదిలారో వాటిలో తేదీలవారీగా రాసి ఉంటుంది.

ఆ తడిసిన పేజీని గీకవద్దు. కిటికీ దగ్గర పక్కవాటు వెలుతురు పడేలా పెట్టి ఫొటో తీయండి, అలుక్కుపోయిన సిరా కింద కలం నొక్కిన గీతలు కనిపిస్తాయి. వ్యక్తిగత వివరాలు కప్పేసి ఇక్కడ పెట్టండి. సైన్యం పొడి అక్షరాలు చదవడం మాకు అలవాటే, అందరం కలిసి చూద్దాం.